కాగితం అడగండి

అక్టోబరు 18న మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇక్కడ 'మాకు రాజులు వద్దు' అని బోర్డులు పట్టుకుని జనం పెద్ద ఊరేగింపు తీస్తున్నారు, చూడు" అని వీడియోలో చూపించాడు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, చక్రాల కుర్చీలో కూర్చున్నాయన, అందరూ ఉన్నారు. నేను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "పర్మిషన్ ఎవరిచ్చార్రా?" అని. వాడు నవ్వాడు. రోడ్డు ఆపి నడవాలంటే ఊరి మునిసిపాలిటీకి దరఖాస్తు పెడతారట. ఫుట్‌పాత్ మీద బోర్డు పట్టుకుని నిలబడడానికి ఎవరినీ అడగక్కర్లేదట.

వాడు మాత్రం ఊరేగింపులో కలవలేదు. అవతలి పక్కన నిలబడి వీడియో తీశాడు. 2025లో అక్కడ నిరసనల్లో పాల్గొన్న విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేశారు. కొందరిని పట్టుకెళ్లి నిర్బంధించారు కూడా. "అప్పు చేసి పంపారు మామయ్యా, నేను వెళితే అమ్మానాన్న ఏమవుతారు" అన్నాడు. వాణ్ని తప్పుపట్టలేను.

అమెరికా గొడవ మనకెందుకు అనేవాళ్లు ఒక్కసారి భీమవరం వైపు వెళ్లి రొయ్యల రైతునడగండి. ఆగస్టులో మన సరుకు మీద 25 శాతం సుంకం వేశారు. అదే నెల 27 నుంచి, రష్యా దగ్గర చమురు కొంటున్నామని ఇంకో 25 కలిపారు. రొయ్యల మీద అంతకుముందే ఉన్న సుంకాలు దీనికి అదనం. మన రొయ్యకి పెద్ద బజారు ఆ దేశమే. వాళ్ల రాజ్యాంగం ప్రకారం పన్నులు వేసే అధికారం వాళ్ల పార్లమెంటుది. అక్కడ చర్చ లేదు, ఓటు లేదు. 1977 నాటి అత్యవసర చట్టం ఒకటి పట్టుకుని అధ్యక్షుడు సంతకం పెట్టేశాడు. ఆ చట్టం ఇంత అధికారం ఇవ్వలేదని కోర్టులు చెప్పినా, 2025లో సుంకం మాత్రం నడుస్తూనే వచ్చింది. ఒక మనిషి సంతకానికి అడ్డులేకపోతే ఏమవుతుందో ఇక్కడ చెరువు గట్టు మీద కౌంటు ధర వినే రైతుకి తెలిసింది. సోయా పండించే వాళ్ల రైతుకీ తెలిసింది, 2025లో చైనా కొన్నాళ్లు కొనడం మానేసింది గనుక.

జూన్‌లో లాస్ ఏంజెలెస్‌కి, ఆ రాష్ట్ర గవర్నరు వద్దన్నా, వేలమంది సైనికుల్ని పంపారు. అది తప్పని ఒక జడ్జి సెప్టెంబరులో తీర్పిచ్చాడు. అక్కడ జనం భయం అదే: అడిగేవాడు, ఆపేవాడు లేకుండా పోతున్నాడని.

ఇక మన సంగతికి వద్దాం. ఓ సంవత్సరం ధాన్యం బకాయిల మీద మనం చలో కలెక్టరేట్ అన్నాం. ఏ సంవత్సరమో రాయను. రాస్తే ఏ పార్టీ ప్రభుత్వమో తెలిసిపోయి మనవాళ్లలో సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. తెల్లవారి ఐదున్నరకి పట్టిసీమలో మా ఇంటి అరుగు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ రైతు బిడ్డలే. "ఏవండీ, ఇవాళ్టికి ఇంట్లోనే ఉండండి, పైనుంచి చెప్పారు" అన్నారు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. "కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాగితం లేదు. గేదెలకి గడ్డి వేయడానికి దొడ్లోకి వెళితే ఒకాయన వెనకాలే వచ్చాడు. సాయంత్రం నాలుగుకి వెళ్లిపోయారు. నేను ఏ నేరం చేశానో, ఏ సెక్షను కింద ఆపారో, రోజంతా నన్ను ఇంట్లో పెట్టిన అధికారి ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

ఎప్పుడడిగినా చెప్పే మాట 'సెక్షన్ 30 అమల్లో ఉంది'. అది 1861 పోలీసు చట్టంలోది. సిపాయిల తిరుగుబాటు అయిన నాలుగేళ్లకి తెల్లవాళ్లు రాసుకున్న చట్టం. ఆ సెక్షను ఊరేగింపుల్ని క్రమంలో పెట్టడానికి, గొడవ జరుగుతుందనుకున్నచోట లైసెన్సు తీసుకోమనడానికి. ఏడాది పొడవునా జిల్లా మొత్తానికి తాళం వేయడానికి కాదు. రోడ్డు మీద సభ వద్దని ఇష్టానుసారం చెప్పే అధికారం పోలీసు అధికారికి ఉండకూడదని సుప్రీంకోర్టు 1972లోనే, హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది.

2023 జనవరి 2న మన రాష్ట్రంలో జీవో 1 వచ్చింది. అంతకు ముందు డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాటలో ఎనిమిదిమంది చనిపోయారు, జనవరి 1న గుంటూరులో ముగ్గురు. ఆ ప్రాణాలు చిన్నవని నేననను. జనాన్ని ఇరుకు సందులోకి తోసిన నాయకులకి సిగ్గుండాలి. కానీ దానికి మందు రోడ్ల మీద సభలే వద్దనడమా? సీపీఐ రామకృష్ణ గారు కోర్టుకెళ్లారు. అదే ఏడాది మే 12న హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఆరోజు స్వాగతించారు. అధికారం చేతికొచ్చాక ఇదే సెక్షన్ 30 వాళ్లకీ ముద్దొచ్చింది. ఇందులో పార్టీల తేడా నాకేమీ కనబడలేదు.

మనలోనూ తప్పుంది. అంబులెన్సు వస్తే దారివ్వని రాస్తారోకో నేను చూశాను, సిగ్గుపడ్డాను. ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబరు నుంచి ఏడాది పైగా కూర్చున్న రైతుల్ని చూసి మనం నేర్చుకోవాల్సింది ఓపిక. వాళ్ల దారిలో గోతులు తవ్వారు, మేకులు దిగ్గొట్టారు. ఆఖరికి 2021 నవంబరు 29న ఆ మూడు చట్టాల్నీ పార్లమెంటు రద్దు చేసింది. గెలిపించింది ఆవేశం కాదు, వంటశాల. రోజూ వేలమందికి రొట్టెలు చేసిన ఆ పొయ్యిలు.

మా ఊరి ఎత్తిపోతల సంగతి కూడా అడుగుతుంటారు. 2015లో గోదావరి నీళ్లు కృష్ణకి వెళ్లాయి, అక్కడి అన్నదమ్ముల నారుమళ్లు బతికాయి. సంతోషమే. అప్పుడు మేం గొంతెత్తింది నీళ్లివ్వద్దని కాదు, మా భూమి సంగతి మాతో కూర్చుని మాట్లాడమని. నిరసన అంటే ప్రభుత్వాన్ని పడగొట్టడమని ఎవరు నేర్పారో గానీ, మాకు మాత్రం అది మాట్లాడించుకోవడమే.

కాబట్టి మండల కమిటీల వాళ్లకి ఒక మాట. ఫోన్‌లో పర్మిషన్ అడగడం మానేయండి. సభకి పదిరోజుల ముందే దరఖాస్తు రాసి, తేదీ, దారి, సుమారుగా ఎంతమంది, బాధ్యులెవరు, అన్నీ పెట్టి రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర, సంతకం వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వమనండి. రాసింది ఉంటేనే కోర్టులో నిలబడగలం. తెల్లారి ఇంటికొస్తే కోప్పడకండి, వాళ్ల చేతిలో ఏమీ లేదు. కాగితం మాత్రం అడగండి, ఏ టైముకి వచ్చారో డైరీలో రాసుకోండి.

మొంథా తుపానుకి పడిపోయిన చేల నష్టం లెక్కలో కౌలు రైతు పేరు రాయాలని డిసెంబరులో ధర్నా పెడుతున్నాం. దరఖాస్తు మొన్న సోమవారం నేనే పట్టుకెళ్లాను. తీసుకున్నారు గానీ ముద్ర వేయలేదు. "రేపు రండి" అన్నారు. మర్నాడు వెళ్లాను, సారు బందోబస్తుకి వెళ్లారట. రేపు మళ్లీ వెళుతున్నాను, రెండో కాపీ సంచిలోనే ఉంది.