ఎంత మిగిలిందని అడక్కండి!

ఆడవాళ్లు ఇంట్లో ఇష్టంగా ఏ పని చేసినా రెండు ప్రశ్నలు మాత్రం తప్పవు. ‘దీనివల్ల ఎంత మిగిలింది?’ అన్నది మొదటిది. ‘అమ్మితే ఎంతొస్తుంది?’ అన్నది రెండోది. కుండీలో బచ్చలి తీగ పాకించినా, పాత చీరలతో బొంత కుట్టినా, పాత సామాన్ల కొట్లో ఓ ఇత్తడి చెంబు కొనుక్కొచ్చినా ఇవే ప్రశ్నలు. ‘నీకు బాగుందా?’ అని మూడో ప్రశ్న అడిగేవాళ్లు ఎంతమంది? మీరూ గమనించే ఉంటారు.

మాది రాజమండ్రిలో అద్దె వాటా. పెరడు లేదు. మెట్ల పక్కన, మేడ మీద కలిపి పదిహేడు కుండీలున్నాయి. కుండీలని పేరే గానీ సగం పగిలిన బకెట్లు, ఖాళీ పెయింటు డబ్బాలే! అడుగున చిల్లులు పొడిచి, నాలుగు పెంకు ముక్కలు వేసి మట్టి నింపాను. ‘స్లాబు నానిపోతుందమ్మా’ అని ఇంటిగలవారు మొదట్లో గొణిగారు. డబ్బాలన్నీ ఇటుకల మీదికి ఎక్కించి, కింద పళ్లేలు పెట్టాక ఊరుకున్నారు. ఇప్పుడు వాళ్లింటి పప్పులోకి తోటకూర కూడా ఇక్కడినుంచే వెళుతోంది.

కడియం మాకు దగ్గరే. అక్కడి నర్సరీల మధ్య ఓ గంట తిరిగితే ఏమీ కొనకపోయినా కడుపు నిండిపోతుంది. అయితే కొన్న మొక్కకన్నా విత్తు వేసి మొలిపించిన మొక్క మీదే ప్రాణం ఎక్కువ ఉంటుంది. మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున్నే చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి. మూడు నాలుగు వారాల్లో కూరకు అందుతాయి. ధనియాలైతే చేత్తో నలిపి రెండు బద్దలుగా చేసి చల్లాలి. ఇక మల్లెపొద సంగతి వేరు. చలికాలంలో మనసు రాయి చేసుకుని నీళ్లు తగ్గించాలి, ఆకు దూసెయ్యాలి, కొమ్మలు కత్తిరించాలి. ‘అయ్యో, చంపేస్తున్నానేమో’ అనిపిస్తుంది. ఎండలు ముదిరేసరికి ఆ మోడు మీదే చిగురు, చిగురు వెనకే మొగ్గ!

లెక్క వేస్తే ఇదంతా నష్టమే సుమండీ. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి... అన్నీ కలిపి చూస్తే మా ఇంటి వంకాయ రైతుబజారు వంకాయకన్నా ఖరీదు. కానీ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మేడెక్కే ఆ పావుగంటలో నన్నెవరూ ‘సాక్సులెక్కడ, టిఫినేది’ అని అడగరు. ఆ పావుగంటను ఏ చిట్టాలో రాయమంటారు?

పాతదంటే చిన్నతనమా?

బొంత సంగతి చూడండి. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం మనందరికీ తెలిసిన బేరమే. నాలుగు చీరలు, రెండు ప్యాంట్లు మూట కడితే ఓ చిన్న డబ్బా చేతిలో పెట్టి, ‘జరీ లేదమ్మా’ అని ఇంకో చీర అడుగుతాడు. నేను మాత్రం నూలు చీరలు ఇవ్వడం మానేశాను. ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు చుట్టూ వచ్చేలా మడిచి కుట్టుకుంటూ పోతే రెండు నెలల్లో బొంత తయారవుతుంది. మా ఇంట్లో ఉన్నదాంట్లో అమ్మ కట్టిన వెంకటగిరి చీర ఉంది. నా మొదటి జీతంతో కొన్న మంగళగిరి చీర ఉంది. చలికాలం రాగానే దానికోసం పిల్లలిద్దరూ కొట్టుకుంటారు. ‘బీరువా నిండా కొత్త దుప్పట్లుంటే ఈ గుడ్డల మూటెందుకమ్మా?’ అంటారు మా పెద్దత్తగారు. అంటూనే మధ్యాహ్నం పూట అదే కప్పుకుని పడుకుంటారు!

పాతవస్తువు కొంటే ‘ఏం, కొత్తది కొనుక్కునే స్తోమత లేదా?’ అన్నట్టు చూస్తారు. విజయవాడ వెళ్లినప్పుడు నేను లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఆగకుండా రాను. హైదరాబాదులో ఉండే చెల్లెలికి ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టలే గుడీ గోపురమూ. ఎవరో ఎప్పుడో పెన్సిలుతో గీతలు గీసుకున్న నవల, మధ్యలో మడత పెట్టిన బస్సు టిక్కెట్టు... కొత్త పుస్తకంలో ఇవి దొరుకుతాయా? అంతెందుకు, చింతపండు, ఉప్పు వేసి తోమితే తళతళలాడే పాత ఇత్తడి బిందె మన వంటింట్లో ఉంటే ‘పాత సామాను’. అదే పెద్ద హోటలు గుమ్మంలో పూలు వేసి పెడితే ‘యాంటిక్’. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

సరదా ఏది? పని ఏది?

ఇక్కడ మన పక్కనే ఉన్న నరసాపురం గురించి చెప్పుకోవాలి. గోదావరి జిల్లాల్లో 19వ శతాబ్దంలో విదేశీ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక తరాలుగా ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల్లో బతుకుతోంది. నూలు దారం, చిన్న కొక్కెం సూది... అంతే పెట్టుబడి. ఆ లేసు సముద్రాలు దాటి వెళుతుంది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ అల్లికపని చేసే స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆవిడ ఎత్తిచూపిన సంగతి ఒకటే. రోజూ గంటల తరబడి అల్లుతున్నా దాన్ని ‘ఇల్లాళ్ల తీరికవేళ కాలక్షేపం’ అన్నారు. కాలక్షేపమన్నాక కూలి ఎంతిస్తే ఏం? లాభం మాత్రం వర్తకులకు, ఎగుమతిదారులకు చేరింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు అల్లే చేతికి వచ్చే కూలిలో కనిపించాలి కదా!

చూశారా తమాషా? బతుకుతెరువు కోసం వేళ్లు నొప్పి పుట్టేలా అల్లేదాన్ని ‘సరదా’ అంటారు. సరదాగా నేను ఓ టేబుల్‌క్లాత్ అల్లుకుంటే ‘ఫోనులో ఫొటో పెట్టి అమ్మకూడదూ?’ అంటారు. డబ్బు లెక్క అడగాల్సిన చోట అడగరు. అక్కర్లేని చోట అడుగుతారు. అమ్మడానికి చేసేది పని. దానికి పైసాతో సహా లెక్క కట్టించుకోవాలి. మన కోసం మనం చేసుకునేది ఆనందం. దానికి ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే నష్టపోయేది రెండు రకాల ఆడవాళ్లమూనూ.

మొక్కలు, అల్లికలు అమ్మి నిలదొక్కుకున్నవాళ్లను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ చేతిలో కాస్త నేర్పున్న ప్రతి ఆడదీ వ్యాపారం పెట్టి తీరాలా? మగవాళ్లు అరుగు మీద పేకాడితే ‘ఎంత మిగిలింది?’ అని అడుగుతున్నామా?

‘ఇవన్నీ తీరికున్నవాళ్ల కబుర్లు’ అనే మాటా ఉంది. నిజమే, తీరిక ఎక్కడుంది? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల మధ్య స్త్రీలు జీతంలేని ఇంటిపనికి రోజుకు సగటున 305 నిమిషాలు ఖర్చుపెడుతున్నారు. అంటే ఐదు గంటల పైమాటే. ఉద్యోగం చేసేవాళ్లకు ఆఫీసు దానికి అదనం. కాబట్టి తీరిక దానంతటది రాదు, ఇంట్లోవాళ్లతో పంచుకోవాలి. నేను మేడ మీద ఉన్న పావుగంటా పొయ్యి మీద పాలు చూసే పని మా వారిది. మొదట్లో రెండుసార్లు పొంగించారు. ఇప్పుడు ఒక్క చుక్క పోనివ్వరు!

అందుకే ఈసారి ఎవరైనా ‘దీనివల్ల ఏం మిగిలింది?’ అంటే తోటకూర కట్టల లెక్క అప్పజెప్పకండి. ‘నాకిష్టం’ అనండి. ఆ మాట చాలు. మొదట్లో వింతగా చూస్తారు, తర్వాత అలవాటు పడతారు. మీరు ఓ పాత బకెట్టు వెతికి, అడుగున నాలుగు చిల్లులు పొడవండి. గుప్పెడు మెంతులు ఈ రాత్రికే నానబెట్టండి. ఏమంటారు?