కార్తె తప్పిన కాలము

కలమల్ల చెన్నకేశవాలయ ప్రాంగణమున రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతమున వేయించిన శాసనము తెలుగు భాషాచరిత్రకు ఆదిపత్రముగా మన్ననలందుచున్నది. కాని ఆ శిల చుట్టునున్న పొలములలో ఏయేట ఎన్నడు విత్తనము పడినదో, ఎన్నడు పూత వచ్చినదో తెలుపు వరుస లెక్క మనకు లేదు. ఈ లోపము ఇకమీదట ఉపేక్షింపదగినది కాదు.

అట్టి లెక్క లేని రైతు అదనుకు నమ్ముకొను కార్తెలు సూర్యుని నక్షత్రసంచారము ననుసరించునవే గాని ఋతువులతో శాశ్వతముగా ముడిపడినవి కావు. విషువచ్చలనము వలన ఇంచుమించు 72 ఏండ్లకొక దినము చొప్పున రెంటికిని ఎడము పెరుగుచుండును. ధనంజయుని కాలమునుండి నేటికది సుమారు 20 దినములైనది. అయినను ఆ మందగతి ఒక తరమువారికి గోచరింపదు గనుక తండ్రి చూపిన అదను కొడుకునకును పనికివచ్చినది. నేటి తాపవృద్ధి యట్టిది కాదు. ఒక్క మనుష్యుని జీవితకాలములోనే అది లోకమును మార్చివేయుచున్నది.

కలమల్లకు చేరువనున్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల బుడ్డశనగనే చూడుడు. చిత్త, స్వాతి కార్తెల పదునులో నల్లరేగడిన విత్తి, నిలువతేమతోను చలిమంచుతోను పండించుకొను పైరిది. పదునున్నదని తొందరపడి, చల్లబడని నేలలో విత్తినచో వేరుకుళ్లు, ఎండు తెగులు పట్టును. చలికై వేచినచో పదునారిపోవుటయే గాక, కాయ గట్టిపడు దశ మాఘఫాల్గుణముల యెండల పాలగును. పూతదశలో వేడిమి 35 డిగ్రీలు దాటెనేని పుప్పొడి నిర్వీర్యమై పూత నిలువదు. పులివెందుల చీనీతోటల రైతులకును ఇట్టి చిక్కే కలదు: నీళ్లు నిలిపి, చెట్టును వాడబెట్టి, మరల తడిపి పూత రప్పించుకొను వేళ నడుమ అకాలవర్షము కురిసెనా, ఏడాది శ్రమ తారుమారగును.

జపానులోని క్యోటోలో చెర్రీపూత దినములను 1200 ఏండ్లుగా వ్రాసియుంచుటచేతనే, 2021 మార్చి 26 నాటి నిండుపూత అప్పటివరకు నమోదైనవాటిలో మిక్కిలి ముందుదని చెప్పగలిగిరి. మనకును లెక్కలు వ్రాయు వాడుక లేకపోలేదు: కలమల్ల దాపుననే బొగ్గు మండించి 1650 మెగావాట్ల విద్యుత్తు నుత్పత్తి చేయు కేంద్రము కలదు. అచ్చట ప్రతి యూనిట్టుకును లెక్క యుండగా, తాపభారమును మోయు పొలములకు మాత్రము లెక్క లేకుండుట న్యాయమా? ఊరూరనున్న రైతు సేవా కేంద్రములు విత్తు, పూత, కోత దినములను, విత్తునాటి నేలవేడిని ఏటేట నమోదు చేయవలె. విత్తనముల పంపిణీ తేదీలును, పంటబీమా గడువులును ఆ నమోదునుబట్టియే మండలమువారీగా నిర్ణయింపవలె; ఇందుకు చిత్తకార్తె రాకమునుపే వ్యవసాయశాఖ పూనుకొనవలె.