ఊరి చెరువు విడిచి.. సాగర తీరానికి

కాజీపల్లి: ఆదివారం సెలవు దొరికితే చాలు, పారిశ్రామికవాడలో కాపురముంటున్న దంపతులకు ముందుగా గుర్తుకొచ్చేది హుస్సేన్‌సాగర్ తీరం. రెండు బస్సులు మారి పాతిక కిలోమీటర్లు ప్రయాణిస్తే తప్ప ఆ గాలి దక్కదు. సంజీవయ్య పార్కు పచ్చికపై కాసేపు సేదదీరి, లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధ విగ్రహం వరకు వెళ్లి వచ్చేసరికి పొద్దుపోతుంది. చార్జీలు, టిక్కెట్లు, చిరుతిళ్లు కలిపితే ఒకనాటి కూలి కరిగిపోతుంది. కాజీపల్లిలోనూ చెరువుంది. అయినా ఆ గట్టును విహారస్థలంగా తలచేవారు లేరు. కారణం నీటి కొరత కాదు, ఆ నీటి స్వభావం.

శాస్త్రవేత్తలు తేల్చిన నిజం

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం వెల్లడించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది అధికం. 2014లో వెలువడిన మరో అధ్యయనం నేరుగా కాజీపల్లి చెరువుకు సంబంధించినదే. మందులకు లొంగని లక్షణాన్నిచ్చే జన్యువులు 81 రకాలు ఇక్కడ బయటపడగా, పోలిక కోసం పరీక్షించిన స్వీడన్ సరస్సులో దొరికినవి ఎనిమిదే. 2017 అక్టోబరులో సమీపంలోని గండిగూడెం చెరువులో చేపలు కుప్పలు తెప్పలుగా చనిపోయాయి. ఈ ప్రాంత కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ వరకు సాగింది. రైతులకు పరిహారం చెల్లించాలన్న ఆదేశాలు వెలువడ్డాయి గానీ, చెరువుకు పూర్వవైభవం రాలేదు.

సాగర్‌దీ ఇదే గాథ

16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మితమైన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. తదుపరి కాలంలో కూకట్‌పల్లి నాలా గుండా జీడిమెట్ల, బాలానగర్ ప్రాంతాల పారిశ్రామిక వ్యర్థాలు అందులో చేరాయి. అయితే 1992లో బుద్ధ విగ్రహ ప్రతిష్ఠ, 1994లో లుంబినీ పార్కు, ఉత్తర తీరాన 92 ఎకరాల సంజీవయ్య పార్కు జనాన్ని ఒడ్డుకు రప్పించాయి. నిత్యం వేలాది మంది చూసే నీరు కంపు కొడితే పాలకులకు సమాధానం చెప్పక తప్పదు. నాలాల మళ్లింపు, 2006లో జపాన్ రుణ సహాయంతో చేపట్టిన ప్రక్షాళన ఆ ఒత్తిడి నడుమ వచ్చినవే. సాగర్ నేటికీ పూర్తిగా శుద్ధి కాలేదన్నది వేరే విషయం. కాజీపల్లి చెరువుకు ఆపాటి సాక్షులైనా లేరు.

అడవికి దక్కిన ఆదరణ

2020 సెప్టెంబరులో కాజీపల్లి రిజర్వు ఫారెస్టులోని 1,650 ఎకరాలను సినీనటుడు ప్రభాస్ దత్తత తీసుకుని రూ.2 కోట్లు ప్రకటించారు. ఎకో పార్కుకు శంకుస్థాపన జరిగింది. అడవికి లభించిన ఆదరణ చెరువుకూ లభించాలని కోరడం అత్యాశ కాదు. అయితే బెంచీలు, రంగుల దీపాలతో మొదలుపెడితే అది విషంపై వేసిన ముసుగే అవుతుంది. వానాకాలంలో వరదతో కలిపి వ్యర్థాలు వదులుతున్నారన్న ఫిర్యాదులు ఏటా వినవస్తున్నవే. ముందుగా ఆ దారులు మూయాలి. అడుగున పేరుకున్న బురదను శాస్త్రీయంగా తొలగించాలి. నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా ఊరి నడుమ బోర్డుపై రాయాలి. పార్కు ఆ తర్వాతి మాట.

ఇక్కడి మందుల పరిశ్రమలు దేశదేశాల రోగాలను నయం చేస్తున్నాయి. వాటిలో చెమటోడ్చే దంపతులకు సొంత ఊరి చెరువు గట్టున ఒక సాయంత్రం గడిపే భాగ్యం కల్పించడం వాటికి, ప్రభుత్వానికి మోయలేని భారమేమీ కాదు.