బొంతకు ముందు కాగితం

కుట్టు నేర్చుకోబోయి, వారానికే "మా వల్ల కాదు" అని మిషన్ దగ్గరి నుండి లేచిపోయే చెల్లెళ్ళు మన హాస్టళ్ళలో ఉన్నారు. కాలు తొక్కాలి, చేయి గుడ్డను నడపాలి, కన్ను సూదిని కనిపెట్టాలి. మూడూ కుదరకపోతే చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది. అది తెలివితక్కువతనం కాదు. అన్నీ ఒకేరోజు నేర్పడంలోని లోపం.

మొదట దారం ఎక్కించకుండా రూళ్ళ కాగితంపై గీత వెంట కుట్టించాలి. కాగితానికి మొద్దుబారిన సూదిని మార్చి, ఆ తర్వాతే పాతగుడ్డ ఇవ్వాలి. పొరలు జారే బొంత చివరిది. దానికీ ముందు చేత్తో పెద్ద కుట్లు వేసి, నడుమ నుండి అంచుల వైపు కుట్టాలి.

గుడ్డ పాడైతే మళ్ళీ కొనలేమన్న భయం మన ఇళ్ళలో చిన్నది కాదు. ఆ భయాన్ని చిత్తుకాగితం తీరుస్తుంది. చెల్లెళ్ళారా, ముందు కాగితాలు పాడుచేయండి!