ఒక మాట, రెండు రోగాలు

కఠినమైన పదం ఎదురైతే అనువాదకుడు వెంటనే నిఘంటువు తీస్తాడు. తేలిక పదాన్ని మాత్రం తెలిసినదే కదా అనుకొని దాటిపోతాడు. అలా ఒక తేలిక పదాన్ని దాటిపోయి, ఈ వేసవిలో నేను అరవై వేల రూపాయలు వృథా చేయబోయాను. ఆ సంగతి చెబితే పాఠకులలో కొందరికైనా అటువంటి ఖర్చు తప్పవచ్చు.

మేముండేది బిలాస్‌పూర్‌లో. పందొమ్మిదవ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైలుమార్గం ఈ వూరి మీదుగా పడింది. ఆ పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. మా నాన్నగారు కూడా అలా వచ్చి, రైలు పెట్టెలను పరీక్షించే ఎగ్జామినర్‌గా పనిచేసి రిటైరయినవారే. 2003 నుంచి ఈ వూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

రైల్వే వూళ్ళలో పిల్లల స్నేహాలకు బదిలీ ఉత్తర్వే గండం. నిరుడు మావాడి ప్రాణస్నేహితుని తండ్రికి నాగపూర్ బదిలీ అయింది. అప్పటినుంచి రోజూ రాత్రి ఎనిమిది గంటలకు ఆ పిల్లలిద్దరూ ఒక ఆన్‌లైన్ ఆటలో కలుసుకొంటున్నారు. అది కాలక్షేపమనుకొని విసుక్కునేవాణ్ణి. వాళ్ళకు మిగిలిన మైదానం అదొక్కటేనని నాకు తట్టలేదు.

ఒకనాటి రాత్రి మావాడు లాప్‌టాప్ మూసేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. “లాగ్ అవుతోంది నాన్నా. నావల్లే జట్టంతా ఓడిపోతోంది. రేపటినుంచి రానని చెప్పేశాను” అన్నాడు.

‘లాగ్’ అంటే వెనుకబడటం. మన ‘లాగు’ అనే క్రియకూ దానికీ చుట్టరికం లేకపోయినా, పిల్లల నోట రెండూ ఒకటైపోయినట్లు అనిపించి నవ్వుకున్నాను. యంత్రం పాతబడిందని తీర్మానించి, కొత్తదాని ధర కనుక్కోవటానికి దుకాణానికి ఫోన్ చేయబోయాను.

ఇంతలో మా నాన్నగారు వచ్చి, మూసిన లాప్‌టాప్ అడుగున చేతి వెనుకభాగం ఆనించి చూశారు. రైలు స్టేషన్‌లో ఆగగానే ఇరుసు పెట్టె వేడెక్కిందో లేదో ఆయన అలాగే చూసేవారట. “ఏట్రా ఇది, హాట్ యాక్సిల్! బండి మార్చడమెందుకు, ముందు దీని సంగతి చూడు” అన్నారు.

మర్నాడు తండ్రీకొడుకులం పరిశోధనకు కూర్చున్నాం. అప్పుడు తెలిసింది, ‘లాగ్’ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు రోగాలు దాగివున్నాయని.

తెరమీది కదలిక అంతా నిశ్చల చిత్రాల వరుసే. 1920ల చివర మాటల సినిమాలు వచ్చాక సెకనుకు 24 బొమ్మలు ప్రమాణమయ్యాయి. సినిమాలో బొమ్మలు ముందే సిద్ధమై వుంటాయి కనుక అది చాలు. ఆటలోనైతే ఆటగాని వేలు కదిలిన తరువాతనే యంత్రం ఆ బొమ్మ గీయాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కొక్కదానికి దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు. అది చాలకపోతే పాత బొమ్మే తెరమీద నిలిచిపోతుంది. ఇది మొదటి రోగం. చికిత్స జరగవలసింది యంత్రానికి.

రెండవది వార్తల ఆలస్యం. మన కదలికల సమాచారం ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌కు వెళ్ళి తిరిగి రావాలి. అది జాగైతే మన బొమ్మ నున్నగానే కదులుతుంది గాని, ఎదుటివారు ఒకచోట మాయమై మరొకచోట తేలుతారు. దీనికి వైఫైకి బదులు తీగ కలిపి చూడాలి. యంత్రం మార్చినా ఈ రోగం పోదు.

చాలా ఆటలలో ఈ రెండు అంకెలనూ తెర మూలన చూసుకొనే వీలుంది. మా తెరమీద వార్తల ఆలస్యం నిలకడగానే వుంది. బొమ్మల సంఖ్య మాత్రం మొదట 58 వుండి, పావుగంటకు 22కు పడిపోయింది. మొదట పరుగెత్తగలిగిన యంత్రం అశక్తమైనది కాదు. వేడి సుమారు నూరు డిగ్రీలకు చేరువైతే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. బలహీనమైన పట్టాలమీద డ్రైవరుకిచ్చే కాషన్ ఆర్డరు వంటిదన్నమాట.

బుధవారీ బజారులోని మరమ్మతు దుకాణంలో దాన్ని విప్పితే, ఫ్యాను పక్కన గాలి పోయే సందులలో దుమ్ము దూదిపరుపులా పేరుకొని వుంది. అది తీసి, ప్రాసెసర్‌పై ఎండిపోయిన పేస్టును మార్చారు. ర్యామ్ ఒక్క పలకే వుండటం చూసి జతగా రెండవది పెట్టించాం. విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో బొమ్మలు గీసే భాగం కూడా ఆ జ్ఞాపకశక్తినే వాడుకొంటుంది. ఒక పలక సింగిల్ లైనైతే రెండు పలకలు డబుల్ లైను. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో పదోవంతు కాలేదు.

మిగిలినవి ఉచితం. పరుపుమీద పెట్టకుండా బల్లమీద, వెనుకభాగం రెండు వేళ్ళెత్తు లేపి వుంచాలి. ఆడేటపుడు చార్జరు తగిలించాలి. బ్యాటరీమీద యంత్రం పొదుపుగా నడుస్తుంది. వెనుక తెరిచివున్న అనవసర ప్రోగ్రాములు మూసివేయాలి. తెర చుక్కలను 1920 × 1080 నుంచి 1280 × 720కు తగ్గిస్తే, గీయవలసిన చుక్కలు ఇరవై లక్షల పైచిలుకు నుంచి తొమ్మిది లక్షల పైచిలుకుకు దిగుతాయి. నీడల నాణ్యత తగ్గించినా మేలే. బొమ్మల సంఖ్యకు ఒక పరిమితి పెడితే వేడి తగ్గుతుంది. ఒకసారి 60, ఒకసారి 25 కంటె నిలకడగా 45 కంటికి హాయి. వేగం రెట్టింపు చేస్తామనే వూరూపేరూ లేని సాఫ్ట్‌వేర్లను మాత్రం దగ్గరకు రానీయకండి.

మొదటి నిమిషంనుంచే బొమ్మల సంఖ్య తక్కువగా వుండి, ఇవన్నీ చేసినా పెరగకపోతే, ఆ ఆట ఆ యంత్రానికి మించిన బరువని అర్థం. కొత్తదాని ఆలోచన అప్పుడు చేయవచ్చు.

మావాడు తిరిగి జట్టులో చేరాడు. ఎనిమిది కాగానే నాగపూర్ గొంతు మా ఇంట్లో వినిపిస్తోంది. తొమ్మిదింటికి మా నాన్నగారు మనుమడి గదిలోకి వెళ్ళి, లాప్‌టాప్ అడుగున చెయ్యి ఆనించి చూసి, “ఫిట్” అని చెప్పి పడుకొంటున్నారు.