ఈ క్రిస్మస్‌కు మా మైకులో ఏం మోగాలి

డిసెంబరు మొదటి వారం దాటిందంటే మా దుకాణానికి పెన్‌డ్రైవ్‌లు రావడం మొదలవుతుంది. ఇబ్రహీంపట్నంలో మాది మైకు సెట్టు దుకాణం. నాయిన పెట్టాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. వినాయక చవితి, బతుకమ్మ, పీర్ల పండుగ, బోనాలు, పెళ్ళి, చావు, దేనికైనా పోతాం. మేం చర్చికి పోయేవాళ్ళం కాదు. అయినా సాగర్ రోడ్డు పొడుగునా మంగళ్‌పల్లి, శేరిగూడ మొదలుకొని యాచారం దాకా సెమీ క్రిస్మస్ కూటాలకు, రాత్రిళ్ళు ఇంటింటికీ తిరిగే క్యారల్స్ బండికి, ఇరవై అయిదు పొద్దుటి ఆరాధనకు మా సామాను పోతుంది. "పాటలు నువ్వే చూసి పెట్టన్నా, పండుగ లెక్క ఉండాలె" అని సగం మంది నా మీదే వదిలేస్తారు. ఏ ఆల్బమ్ మోగాలి, ఏది మోగకూడదు అని తేల్చే పని అట్లా నాకు పడింది. కాబట్టి దీని మీద నాకొక అభిప్రాయం ఉంది, గట్టిగానే ఉంది.

కరెంటు పోతే ఆగిపోయే పాటను నేను పండుగ పాటల్లో లెక్కపెట్టను. మైకు కిరాయిలతో బతికేవాడు ఈ మాట అనడం విడ్డూరమే. అన్నం పెట్టే డబ్బాను నేనే తిట్టుకున్నట్టు ఉంటుంది. కానీ ఇన్నేళ్ళుగా స్టేజీ పక్కన మిక్సర్ ముందు కూర్చొని మంది మొఖాలు చూసేవాడికి ఒకటి తెలిసిపోతుంది: ఏ పాటకు పెదవులు కదులుతాయి, ఏ పాటకు ఫోన్లు లేస్తాయి అని.

క్యాసెట్ల కాలంలో నాయిన కోఠీకి పోయి, గుజరాతీ గల్లీలో యాంప్లిఫైయర్ రిపేరు చేయించుకొని, వస్తూ వస్తూ రెండు మూడు క్రిస్మస్ క్యాసెట్లు తెచ్చేవాడు. ఎ సైడు, బి సైడు కలిపి ఎనిమిదో పదో పాటలు. డిసెంబరంతా అవే తిరిగేవి, మళ్ళా ఏడాది కూడా అవే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, సుశీల, జానకి లాంటి సినిమా గొంతులు కూడా ఆ క్యాసెట్లలో ఉండేవి. టేపు సాగి బాలు గొంతు కాస్త మందమైనా ఎవరికీ పట్టేది కాదు, ఎందుకంటే పైనుంచి వినేవాళ్ళూ పాడుతుండేవాళ్ళు. పాట అరిగేదాకా వినడం వల్లనే అది ఊరిదైంది.

ఇప్పుడు యూట్యూబు. డిసెంబరు వచ్చిందంటే రోజుకో కొత్త పాట, ప్రతిదానికీ వీడియో, డ్రోను షాట్లు, ఒకే రంగు బట్టల్లో కోరస్. తక్కువ చేసి మాట్లాడటం లేదు. జేకే క్రిస్టోఫర్ పాటల్లో వాద్యాల పొందిక చూస్తే సినిమా వాళ్ళకు ఏ మాత్రం తీసిపోదు. షారోన్ సిస్టర్స్ గొంతులు కలిపే తీరు, బ్లెస్సీ వెస్లీ, జెస్సీ పాల్ పాడే తీరు నాకు నచ్చుతాయి, దుకాణంలో ఒంటరిగా ఉన్నప్పుడు వింటాను కూడా. నా తగాదా గొంతులతో కాదు, లెక్కతో. ఇన్ని కొత్త పాటలు ఒక్క నెలలో వస్తే ఏది నోటికి వస్తుంది? పోయినసారి యూత్ వాళ్ళు నెలంతా ప్రాక్టీసు చేసి డ్యాన్సు కట్టిన పాటను ఈసారి అడిగే దిక్కు లేదు. "పాతది అయిపోయిందన్నా" అంటారు. ఏడాదికే పాతబడేది పాటనా, మొబైల్ ఫోనా?

మైకు పనిలో ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి ఎరుకే. స్తంభానికి కట్టే హారన్‌లో బేస్ పలకదు. సుమారు మూడు నాలుగు వందల హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా అది మింగేస్తుంది. దాంట్లో నిగ్గుగా పలికేవి మనిషి గొంతు, హార్మోనియం, తాళాలు. పాతకాలం పాటలు హారన్ కోసమే కట్టినట్టు ఉంటాయి: మాట ముందు, వాద్యం వెనక. ఇప్పటి పాటల ఊపంతా కింద, కిక్కులో, సబ్ బేస్‌లో. ఇయర్‌ఫోన్‌లో వింటే ఒళ్ళు ఊగుతుంది. అదే హారన్‌లో వేస్తే సగం పాట గాయబ్. అందుకని డీజే బాక్సులు కావాలంటారు. బాక్సులు పెడితే బేస్ మాటను తొక్కేస్తుంది. పశువుల పాకలో పుట్టిన బిడ్డ గురించి పాడుతున్నారో, పెళ్ళి బరాత్ పోతున్నదో నాలుగిళ్ళ అవతలికి తేడా తెలియదు.

క్యారల్స్ బండి వెంట పోతే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ట్రాలీ ఆటో, దాంట్లో బ్యాటరీ, రెండు హారన్లు, కర్రకు కట్టిన నక్షత్రం, ముందు ఎర్ర బట్టల్లో క్రిస్మస్ తాత. ఒక ఇంటి ముందు ఆగినప్పుడు ముసలమ్మ ఒకామె శాలువా కప్పుకొని గడప మీదికి వచ్చింది. పిల్లలు ట్రాక్ మీద కొత్త పాట అందుకున్నారు. ఆమె చేతులు చప్పట్లకు లేచాయి, పెదవులు రెండుసార్లు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. పాట అయ్యాక నన్ను చూసి అన్నది: "ఏం పాట బిడ్డా ఇది, నడుమ దూరుదామంటే సందు దొరుకుతలేదు." నేను సౌండు ఇంజనీరింగు చదవలేదు గానీ, చదివినవాళ్ళెవరూ నాకు ఇంత ఖచ్చితంగా చెప్పలేదు. పాత కీర్తనలో ఒకరు చరణం ఎత్తుకుంటారు, మంది పల్లవి అందుకుంటారు. రానివాళ్ళు కూడా మూడోసారికి వచ్చేస్తారు. కొత్త పాటలో ఆ జాగానంతా కీబోర్డు, గిటారు, ర్యాప్ ఆక్రమించాయి.

అందుకే నా మొదటి ఎంపిక ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. ఆ పుస్తకం చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ప్రతి కీర్తన నెత్తి మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, మన త్యాగరాజ కీర్తనల పుస్తకాల్లో ఉన్నట్టే. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గంజాం వైపు మనిషి, 1803లో పుట్టి 1890 దాకా బతికాడు. మైకు లేదు, ట్రాక్ లేదు, చదువు రాని మందితో పాడించాలి. ఆ అవసరమే పాటకు ఆ కట్టుదిట్టం ఇచ్చిందని నా అంచనా. మెదక్ పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అయిదు వేల మంది పట్టే మందిరం. ఆ నాటికి మా వృత్తి మన వైపు పుట్టనే లేదు. ఆ క్రిస్మస్ పాటలు ఉత్త గొంతులతోనే కప్పు దాకా లేచి ఉంటాయి. ఈ కీర్తనల రికార్డింగులు ఇప్పుడు బోలెడు దొరుకుతాయి. హార్మోనియం, తబలా, తాళాలు మాత్రమే ఉన్నవి తీసుకోండి. స్ట్రింగ్స్, డ్రమ్స్ దట్టించిన రీమిక్స్‌ల జోలికి పోవద్దు.

ఏటా వచ్చే పంచాయితీ ఒకటుంది. "కరుణామయుడులో బాలు పాట పెట్టన్నా" అంటారు. 1978లో వచ్చిన సినిమా, భీమ్‌సింగ్ దర్శకుడు, విజయచందర్ యేసు వేషం. తెర కట్టి ప్రొజెక్టరు పెట్టి ఊరూరా చూపించిన సినిమా కూడా అదే. ఆ పాట గొప్పదే, విన్నప్పుడల్లా నాకూ గుండె పట్టేస్తుంది. కానీ అది సిలువ మోసుకుపోయే ఘట్టం పాట, గుడ్ ఫ్రైడేది. పుట్టిన రోజు పొద్దున చావు పాట పెడతామా ఎక్కడన్నా? చదువుకున్న పాస్టరు గారొకరు నవ్వి, హాండెల్ 'మెస్సయ్య' కూడా 1742 ఏప్రిల్‌లో, ఈస్టర్‌కు ముందు, డబ్లిన్‌లో మొదటిసారి పాడినదేననీ, ఇప్పుడు ప్రపంచమంతా డిసెంబరులో పాడుకుంటున్నదనీ చెప్పారు. నిజమే కావచ్చు. అయినా ఇరవై అయిదు పొద్దున నా మైకులో కరుణామయుడు పాట మోగదు. ఏప్రిల్‌లో రండి, హారన్లు ఫ్రీగా కడతా.

కాథలిక్ ఇళ్ళవాళ్ళు ఇంకొకటి అడుగుతారు: 'మిస్సమ్మ'లో పి. లీల పాడిన మేరీమాత పాట. 1955 నాటిది, సాలూరి రాజేశ్వరరావు బాణీ. అదే పాటను వేరే చర్చి వాళ్ళ కూటంలో పెడితే అయ్యగారు మైకు దగ్గరికి వచ్చి మెల్లగా "తమ్ముడూ, మనం మరియమ్మకు ప్రార్థన చెయ్యం" అంటారు. మైకు సెట్టు నడపాలంటే వైర్లు ఒక్కటే తెలిస్తే చాలదు.

ఇంగ్లీషు పాటల సంగతి. ఇక్కడి ఇంజనీరింగు కాలేజీల హాస్టళ్ళ పిల్లలు, ఆదిబట్ల కంపెనీల వాళ్ళు బోనీ ఎం అడుగుతారు. 1981 నాటి వాళ్ళ క్రిస్మస్ ఆల్బమ్ మన దేశంలో ముసలిదైపోలేదు. జర్మనీ నిర్మాత ఫ్రాంక్ ఫేరియన్ కట్టిన గుంపు అది. మేరీస్ బాయ్ చైల్డ్ పాటను హ్యారీ బెలఫాంటే 1956లోనే నిమ్మళంగా పాడి పెట్టాడు, వీళ్ళు 1978లో దానికి డిస్కో నడక ఇచ్చారు. నాకు వీళ్ళదే ఇష్టం. ఆ కోరస్ ఇంగ్లీషు రానివాడు కూడా అందుకోగలడు, సందు ఉంది. జిమ్ రీవ్స్ 1963 ఆల్బమ్ మాత్రం ఒక్కడే కూర్చొని వినేది, అన్నాలు వడ్డించేటప్పుడు సన్నగా పెడతా. జింగిల్ బెల్స్ 1857లో అచ్చయిన బండి పాట, దాంట్లో క్రీస్తు పేరు గానీ క్రిస్మస్ పేరు గానీ లేవు. సండే స్కూలు పిల్లలు గంతులు వేస్తారు కాబట్టి ఉంచుతా, అంతే.

సైలెంట్ నైట్ కథ మాత్రం నా వాదనకు బాగా కుదురుతుంది. 1818 క్రిస్మస్ ముందు రాత్రి ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో మొదటిసారి పాడారు. మాట పాదిరి జోసెఫ్ మోర్‌ది, బాణీ బడిపంతులు గ్రూబర్‌ది. రెండు గొంతులు, ఒక గిటారు, వెనక కోరస్. మన దగ్గర తెలుగులో పాడుకుంటున్నారంటే, అంత తక్కువ సామానుతో బయల్దేరింది కాబట్టే ఇంత దూరం రాగలిగింది.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నవి ఇవేవీ కావు. మా వైపు ఊళ్ళల్లో ఆడవాళ్ళు కోలాటం వేస్తూ, బతుకమ్మ చుట్టూ తిరిగే నడకలో పాడే క్రిస్మస్ పాటలున్నాయి. పక్కన డప్పు ఉంటే చాలు. మైకు వాళ్ళ నడుమ పెడితే చాలు, వాల్యూమ్ ముట్టుకునే పని కూడా లేదు. వీటిని స్టూడియోకు పోయి పాలిష్ చేయకుండా ఉన్నదున్నట్టు రికార్డు చేసిన ఆల్బమ్ నా చేతికి ఇంతవరకు రాలేదు. స్టూడియోలకు డబ్బు పెట్టే సంఘాలు ఈసారి ఒక్క వీడియో ఖర్చు ఆపి ఆ పని చేస్తే బాగుంటుంది.

చట్టం సంగతి కూడా యూత్ తమ్ముళ్ళు వినాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ బంద్. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఇండ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్, అంటే ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేంత. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దన్నారు. రేపు మన దాకా వస్తే బాక్సు లేకుండా పాడుకోవడానికి మీ దగ్గర ఏం ఉన్నట్టు?

కాబట్టి ఈ ఏడు నా దుకాణం పద్ధతి ఇది. క్యారల్స్ బండికి హారన్లే, పాత కీర్తనలే. ఆరాధనకు ముందు గంటసేపు క్యాసెట్ కాలం బాలు, సుశీల, జానకి. భోజనాలప్పుడు బోనీ ఎం. కొత్త పాటలు సంఘానికి ఒక్కటి. అది ఏదో మీరే తేల్చుకొని రండి, కానీ పెన్‌డ్రైవ్ ఇచ్చే ముందు నా కౌంటరు దగ్గర నిలబడి ట్రాక్ లేకుండా పల్లవి, ఒక చరణం పాడాలి. పాడినవాళ్ళకు కిరాయిలో అయిదు వందలు తగ్గిస్తా. ఫోను చూసి పాడితే మూడు వందలే.