దయ్యాల పండగా? పెద్దల పండగా?

అక్టోబర్ నెలాఖరు వచ్చిందంటే చాలు, బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లల నుంచి ఫోన్లకు ఫొటోలు వస్తాయి. మనవడు మొహానికి నల్లరంగు పూసుకుని, కోరలు పెట్టుకుని నిలబడి ఉంటాడు. పక్కనే కళ్ళూ పళ్ళూ చెక్కిన గుమ్మడికాయ, అందులో దీపం. "ఇదేం పాడు పండగమ్మా, పిల్లోనికి దయ్యం వేషమేంది?" అని ఇంట్లో అవ్వ కంగారుపడుతుంది. అటు కోడలికి కోపం వస్తుంది. అసలీ పండగేమిటో తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

దీని పేరు హాలోవీన్. అమెరికా పండగ అనుకుంటాం గానీ దీని పుట్టిల్లు ఐర్లండు. క్రైస్తవం రాకముందు నుంచీ అక్కడ 'సౌన్' అనే పండగ ఉండేది. పంట ఇల్లు చేరి, కొండమీది పశువులు కిందికి దిగి, చలికాలం మొదలయ్యే రోజది. ఆ రాత్రి చనిపోయినవాళ్ళు తమ ఇల్లు చూసుకోను వస్తారని నమ్మకం. వాళ్ళకోసం తలుపు గడియ పెట్టకుండా, తిండి తీసిపెట్టి పడుకునేవారు. చెడ్డ గాలులు కూడా తిరుగుతాయని భయం. అందుకే వేషాలు, అందుకే టర్నిప్ గడ్డను తొలిచి మొహం చెక్కి దీపం పెట్టడం. తర్వాత చర్చి నవంబర్ 1ని పునీతుల రోజుగా, 2ని చనిపోయినవారి రోజుగా చేసింది. ఆ 2వ తేదీన మన దగ్గరా క్యాథలిక్కులు సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు.

1845లో ఐర్లండులో ఉర్లగడ్డ పంటకు తెగులు తగిలింది. పేదలకు ఆ ఒక్క పంటే ఆధారం. శనక్కాయనే నమ్ముకున్న మన కదిరి వాళ్ళకు ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ కరువులో సుమారు పది లక్షలమంది పోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు. అట్లా వలసపోయినవాళ్ళతోనే పండగ అమెరికాలో పాతుకుంది. అక్కడ గుమ్మడికాయ తొలచడం సులువు కాబట్టి టర్నిప్ పోయి అది వచ్చింది.

మరి మనమేం చేస్తున్నాం? హాలోవీన్‌కు కొద్ది వారాల ముందే మహాలయ అమావాస్య వస్తుంది. పెద్దలకు బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి, కాకికి ముద్ద పెట్టాకే తింటాం. దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయమీద కోరల మొహం గీసి గుమ్మానికి కడతాం. వాళ్ళ పండగలో మాత్రం ఇప్పుడు చాలాచోట్ల పెద్దలు పోయి చాక్లెట్లు మిగిలాయి. మనదీ అట్లా కాకూడదు.

కాబట్టి మనవణ్ణి కసరకండి. "ఆ దీపం మీ ముత్తాత కోసం కూడా పెట్టు నాయనా" అనండి. ఆయన పేరేమిటో, ఏ కరువులో ఏం తిని పిల్లల్ని సాకాడో చెప్పండి. వచ్చే అమావాస్యకు వడలు వేసేటప్పుడు ఫోన్లో చూపించి, అవి ఎవరికి ఇష్టమో చెప్పండి. ముత్తవ్వ పేరు తెలియని పిల్లలు ఇప్పటికే ఎక్కువైపోయారు.

ఇక ఈ వారం వంట, ఆ రాత్రి ఐర్లండు ఇళ్ళలో చేసే కోల్‌కానన్. అరకిలో ఉర్లగడ్డలు ఉడికించి మెదపండి. కప్పు క్యాబేజీ తురుము ఉడికించి నీళ్ళు పిండి కలపండి. అరకప్పు వేడిపాలు, ఉల్లికాడలు, ఉప్పు, మిరియాలపొడి వేయండి. సంగటిముద్దలో నెయ్యికి గుంట చేసినట్టు చేసి వెన్న వేసి తినాలి. అందులో ఉంగరం దాచేవారట. ఎవరి వంతుకొస్తే వాళ్ళకు ఆ ఏడు పెళ్ళి! మీరూ దాచేపనైతే చిన్నపిల్లల పళ్ళెంలోకి పోకుండా చూసుకోండి.